లేవనన్న పిల్ల, నిలవని కేసు

క్లాడెట్ కాల్విన్ పేరు విన్నవాళ్లకు ఆమె గురించి సాధారణంగా ఒక్క ముక్కే తెలిసి ఉంటుంది. అమెరికాలో నల్లవాళ్లు తెల్లవాళ్ల కోసం బస్సు సీటు వదలాల్సిన రోజుల్లో, లేవనని అరెస్టయి పేరుపొందిన రోజా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, అదే ఊళ్లో, అలాంటి బస్సులోనే ఈ నల్ల పిల్ల సీటు వదలనందట. పెళ్లికాకుండా గర్భవతి అయిందని నాయకులు ఆమెను పక్కన పెట్టేశారట. వినడానికి కథ భలే కుదిరింది. చిక్కల్లా ఒకటే, కేలండరు ఒప్పుకోదు.

ఆమెను అరెస్టు చేసింది 1955 మార్చి 2న. బాలల కోర్టులో విచారణ జరిగింది మార్చి 18న. అప్పీలు తేలింది మే 6న. కొడుకు పుట్టింది 1956 మార్చి నెలాఖరులో. అక్కడి నుంచి తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టండి, 1955 జూన్ చివరికి వచ్చి ఆగుతారు. అంటే ఈ కేసు పట్టుకుని ఊరంతా కదలడం వద్దని పెద్దలు అనుకున్ననాటికి గర్భం లేదు, అప్పీలు ముగిసిననాటికీ లేదు. (ఆ బస్సులో ఒక గర్భవతి ఉన్న మాట మాత్రం నిజం. ఆవిడ వేరే. ఆ సంగతి ముందుకొస్తుంది.)

కాల్విన్‌కు అన్యాయం జరగలేదని వాదించబోవడం లేదు. జరిగింది, చాలాకాలం జరిగింది. కానీ ‘గర్భం వల్ల’ అని ఒక్క మాటలో తేల్చేస్తే అసలు ఏం జరిగిందో కనబడకుండా పోతుంది. మొదట ఆమె కేసును చంపింది ఊరి పుకారు కాదు, పోలీసు కాగితం మీద రాసిన మూడు నేరాల్లో ఒకటి. అహింసా పోరాటం అంటే దెబ్బలు ఓర్చుకోవడం అనుకునేవాళ్లు ఈ కాగితాల వైపు చూడరు. నాకైతే పోరాటంలో సగం అక్కడే ఉందనిపిస్తుంది.

ముందు ఆ బస్సు ఎలా ఉండేదో చూద్దాం. అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గమరీలో సిటీ బస్సుకు 36 సీట్లు. ముందు 10 తెల్లవాళ్లవి. ఖాళీగా పడి ఉన్నా, నల్లవాళ్లు వెనక కిక్కిరిసి నిలబడి ఉన్నా, వాటిలో కూర్చోకూడదు. చివరి 10 నల్లవాళ్లవి. మధ్యలో 16 అటూ ఇటూ కానివి. గొడవంతా ఈ పదహారు దగ్గరే. మన ఆర్టీసీ బస్సులో ‘స్త్రీలకు’ అని ఒకసారి రాస్తే ఆ అక్షరాలు అక్కడే ఉంటాయి. అక్కడి గీత అలా ఉండేది కాదు, తెల్లవాళ్లు ఎక్కేకొద్దీ వెనక్కి జరిగేది. జరిపేవాడు డ్రైవరు. సీట్లు కేటాయించే విషయంలో నగర చట్టం అతనికి పోలీసు అధికారం ఇచ్చింది. చాలా బస్సుల్లో నల్లవాళ్లు ముందు తలుపు దగ్గర 10 సెంట్లు చెల్లించి, దిగి, వెనక తలుపు దాకా నడిచి ఎక్కాలి. ఈలోపు డ్రైవరు బండి కదిపేసి, డబ్బులూ బస్సూ రెండూ పోయినవాళ్లున్నారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మధ్య భాగంలో ఒక తెల్ల మనిషి కూర్చోవాలంటే ఒక్క సీటు ఖాళీ చేస్తే చాలదు. నడవకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, మొత్తం నలుగురూ లేవాలి. ఒకే వరసలో కూర్చుంటే సమానమైపోతారు కదా!

మార్చి 2 మధ్యాహ్నం బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలు పిల్లలు కొందరు హైలాండ్ గార్డెన్స్ వెళ్లే బస్సెక్కారు. పదిహేనేళ్ల కాల్విన్, మరో ముగ్గురు అమ్మాయిలు మధ్య భాగంలో ఒకే వరసలో కూర్చున్నారు. ఊరి మధ్యకు వచ్చేసరికి బస్సు నిండింది. ఒక తెల్లావిడ నిలబడి ఉంది. డ్రైవరు లేవమన్నాడు. ముగ్గురు లేచి వెనక్కి వెళ్లారు. నాలుగు సీట్లలో మూడు ఖాళీ అయ్యాయి. అయినా ఆవిడ కూర్చోలేదు. కాల్విన్ ఆ వరసలో ఉన్నంతసేపు ఆ మూడు సీట్లూ ఆవిడకు పనికిరావు. రంగు విభజన అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. సీటు లేక వచ్చిన తగవు కాదది. సీట్లు అక్కడే ఉన్నాయి, ఎదురుగా, ఖాళీగా.

ఇంతలో గర్భవతి అయిన ఒక నల్లావిడ ఎక్కి, జరిగేది తెలియక కాల్విన్ పక్కన కూర్చుంది. ఆవిడనూ లేవమన్నారు. నిలబడే ఓపిక లేదంది. పోలీసులు వచ్చాక వెనక కూర్చున్న ఒకాయన లేచి ఆవిడకు చోటిచ్చాడు. ఆవిడ సమస్య అలా తీరింది. కాల్విన్ మాత్రం కదల్లేదు. టికెట్టు డబ్బులిచ్చాను, ఇక్కడ కూర్చోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని గట్టిగా అరిచింది. ఆ మాట ఊరికే నోటికి రాలేదు. ఫిబ్రవరి నెలంతా బడిలో నల్లజాతి చరిత్ర, రాజ్యాంగం చదివించారు. దానికి తోడు, అదే బడి కుర్రాడు జెరెమయా రీవ్స్‌ను పదహారేళ్ల వయసులో అత్యాచారం కేసులో పట్టుకెళ్లి, తెల్లవాళ్లే ఉన్న జ్యూరీతో మరణశిక్ష వేయించారు. ఆ కోపం కాల్విన్‌లో అప్పటికే రెండేళ్లుగా ఉంది.

ఇద్దరు పోలీసులు చెరో చెయ్యీ పట్టి లాగారు. ఒళ్లో పుస్తకాలు చెల్లాచెదరయ్యాయి. బేడీలు వేసి, బాలల గృహానికి కాకుండా పెద్దవాళ్ల జైలుకే తీసుకెళ్లారు. అమ్మ, చర్చి పాస్టరు వచ్చి బెయిలు మీద విడిపించుకున్నారు.

ఛార్జీలు మూడు రాశారు. ఒకటి, రంగు విభజన చట్టాన్ని మీరడం. రెండు, బహిరంగంగా అల్లరి చేయడం. మూడు, పోలీసుల మీద చెయ్యి చేసుకోవడం. తన్నింది, గోళ్లతో గీరింది అని వాళ్ల మాట. ఒళ్లు వదిలేశానని ఆమె మాట. ఒళ్లు బిగబట్టినా, చేయి విదిలించినా అది ‘దాడి’ కింద రాయడానికి పనికొస్తుంది. పోలీసు లాగుతున్నప్పుడు కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. దాన్ని వదిలించుకోవాలంటే సాధన కావాలి, పక్కన సాక్షులు కావాలి. పదిహేనేళ్ల పిల్లకు ఆ మధ్యాహ్నం ఎవరూ ఆ సాధన చేయించి పంపలేదు.

ఆమె లాయరు ఫ్రెడ్ గ్రే. వయసు 24, లాయరుగా నమోదై ఏడాది కాలేదు. ఈ కేసుతోనే రంగు విభజన చట్టాన్ని పైకోర్టుల దాకా ఈడ్చాలని ఆయన ఆశ. ఇక్కడ కాస్త ఆగి న్యాయశాస్త్రం మాట్లాడుకోవాలి. ఒక చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని క్రిమినల్ అప్పీలులో వాదించాలంటే ముందు ఆ చట్టం కింద శిక్ష పడాలి. శిక్ష పడితేనే గాయం ఉన్నట్టు, గాయం ఉంటేనే పైకోర్టులో చెప్పుకునే హక్కు. అంటే ఇలాంటి కేసులో కింద ఓడిపోవడమే పెట్టుబడి.

మార్చి 18న బాలల కోర్టు జడ్జి మూడు నేరాలూ రుజువయ్యాయన్నాడు, ప్రొబేషన్ (జైలు లేకుండా కోర్టు నిఘాలో ఉండే శిక్ష) వేశాడు. గ్రేకి కావలసింది దొరికింది. అప్పీలు చేశాడు. మే 6న సర్క్యూట్ జడ్జి యూజీన్ కార్టర్ మొదటి రెండు ఛార్జీలు కొట్టేసి, పోలీసుల మీద దాడి ఒక్కటే ఉంచాడు. చూడ్డానికి రెండింట్లో గెలుపు. నిజానికి చట్టానికి తగలాల్సిన దెబ్బ తప్పిపోయింది. ఇక మిగిలింది ఒక అమ్మాయి పోలీసును గీరిందా లేదా అన్న గొడవ. దాన్ని సుప్రీంకోర్టు దాకా మోసుకెళ్లినా బస్సు సీట్ల ఊసే రాదు. కార్టర్ ఇదంతా ఆలోచించే చేశాడా, యథాలాపంగా చేశాడా అన్నది పక్కన పెట్టినా, పని మాత్రం అలాగే జరిగింది. ఈ కార్టర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ రెండుసార్లు తగులుతాడు.

కాబట్టి మే నెలకల్లా కాల్విన్ కేసు చట్టం దృష్టిలో చచ్చిపోయింది. అప్పటికింకా గర్భం లేదు.

మరి నాయకులు మంచివాళ్లేనా? అలా అనలేను. ఊళ్లో నల్లవాళ్ల తరఫున మాట్లాడే ఇ. డి. నిక్సన్ రైలు పెట్టెల పోర్టర్ల యూనియన్ మనిషి, లోకం చూసినవాడు. ఆయనా, తక్కిన పెద్దలూ ఆ పిల్లను చూసి తూకం వేశారు. వయసు చిన్నది. నోరు పెద్దది. ఉండేది కింగ్ హిల్ పేటలో, బీదవాళ్ల ఇళ్ల మధ్య. ఒంటి రంగు మరీ నలుపు. ఈ నాలుగోది బయటికి గట్టిగా అనే మాట కాదు, కాని నల్లవాళ్లలోనే చామనఛాయ కుటుంబాలకూ మరీ నల్లటివాళ్లకూ మధ్య ఉన్న తేడాల గురించి ఆమె తర్వాత నిర్మొహమాటంగా చెప్పింది. సంబంధాలు చూసేటప్పుడు ‘పిల్ల మంచిదే, కానీ...’ అంటూ మొదలయ్యే వాక్యాలు తెలుగువాళ్లకు కొత్త కాదు. అలాంటి ‘కానీ’లే ఇవీ. గర్భం తర్వాత వచ్చి ఆ తలుపుకు గడియ పెట్టింది. తలుపు అప్పటికే మూసి ఉంది.

ఆమె పట్ల ఆదరంగా ఉన్న పెద్దల్లో ఒకరు రోజా పార్క్స్. కాల్విన్ ఖర్చుల కోసం చందాలు పోగుచేసింది, తను నడిపే యువజన బృందంలోకి రమ్మంది. డిసెంబరులో ఏం జరగబోతోందో ఇద్దరికీ తెలియదు.

మధ్యలో ఇంకో అమ్మాయి. 1955 అక్టోబరు 21న పద్దెనిమిదేళ్ల మేరీ లూయిస్ స్మిత్ సీటు వదలనంది, అరెస్టయింది. వాళ్ల నాన్న వచ్చి 9 డాలర్ల జరిమానా కట్టేసి ఇంటికి తీసుకెళ్లాడు. జరిమానా కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే, ఇక అప్పీలుకు ఏమీ మిగలదు. ఆ తండ్రిని తప్పుపట్టను. కూతురు పోలీసు స్టేషన్లో ఉంటే రాజ్యాంగం గుర్తుకొచ్చే తండ్రులు ఎందరుంటారు?

డిసెంబరు 1న పార్క్స్ అరెస్టయినప్పుడు ఈ అడ్డంకులు ఏవీ లేవు. ఆమె అలిసిపోయిన కుట్టుపనావిడ మాత్రమే అనుకుంటే పొరపాటు. నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఊరి శాఖకు కార్యదర్శి. ఆ వేసవిలోనే టెనెసీలోని హైలాండర్ పాఠశాలలో ఉద్యమ శిక్షణ పొందివచ్చింది. అరవలేదు, చేయి విదల్చలేదు. కాబట్టి పోలీసులు రాయడానికి సీటు వదలకపోవడం తప్ప ఇంకేమీ లేదు. అక్కడా ఒక చిన్న విచిత్రం. నగర చట్టం ప్రకారం వేరే సీటు ఖాళీగా ఉంటేనే లేవమనాలి. ఆరోజు ఖాళీ లేదు. ఆ సంగతి గుర్తొచ్చి ప్రాసిక్యూటరు కోర్టులో నగర చట్టం వదిలేసి రాష్ట్ర చట్టం కింద కేసు మార్చుకున్నాడు. 10 డాలర్లు జరిమానా, 4 డాలర్లు ఖర్చులు. గ్రే వెంటనే అప్పీలు వేశాడు. ఈసారి చట్టానికి సూటిగా తగిలే కేసు చేతిలో ఉంది.

పార్క్స్ అరెస్టు తర్వాత ఊళ్లో నల్లవాళ్లంతా బస్సులెక్కడం మానేశారు. ఆ బస్సుల బహిష్కరణ గురించి అందరూ చెబుతారు కనుక, సాధారణంగా చెప్పనివి మాత్రం రాస్తాను.

ఆ ఆలోచన రాత్రికి రాత్రి పుట్టలేదు. కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ నడిపే మహిళా సంఘం అంతకు ఏడాదిన్నర ముందే, 1954 మే 21న, మేయరు గేల్‌కు ఉత్తరం రాసింది. బస్సెక్కేవాళ్లలో నాలుగింట మూడు వంతులు మేమే, మేం ఎక్కకపోతే బస్సులు నడవవు, పాతికకు పైగా సంఘాలు ఆ మాటే అనుకుంటున్నాయి అని. పార్క్స్ అరెస్టయిన రాత్రి ఆమె కాలేజీలో ఇద్దరు విద్యార్థులతో, ఒక సహోద్యోగితో కూర్చుని కరపత్రాలు సైక్లోస్టైల్ చేసింది. ఒకే కాగితం మీద అదే ప్రకటన మూడుసార్లు వచ్చేలా స్టెన్సిల్ కోసి, అచ్చయ్యాక మూడు ముక్కలు చేశారు. 35 వేలని ఒక లెక్క, 50 వేలు దాటాయని ఇంకో లెక్క. పొద్దున్నే నల్ల పిల్లల బడిసంచుల్లో అవి ఇళ్లకు చేరాయి. కాగితం, సిరా కాలేజీవి. పట్టుబడితే ఉద్యోగం ఊడేది.

డిసెంబరు 5న మొదలైన రోజు ఉద్యమం అడిగినవి చూస్తే ఇప్పటి పాఠకులు తెల్లబోతారు. మర్యాదగా మాట్లాడాలి. నల్లవాళ్లు వెనక నుంచి ముందుకు, తెల్లవాళ్లు ముందు నుంచి వెనక్కి, ఎవరు ముందొస్తే వాళ్లు కూర్చోవాలి, కూర్చున్నవాళ్లను లేపకూడదు. నల్లవాళ్లు ఎక్కువగా తిరిగే రూట్లలో నల్ల డ్రైవర్లను పెట్టాలి. అంతే. రంగు విభజన ఎత్తెయ్యమని అడగనే లేదు. ఇదే బస్సు కంపెనీ ఇదే రాష్ట్రంలోని మొబైల్ నగరంలో సరిగ్గా ఇలాగే సీట్లిస్తోంది. అయినా కంపెనీ లాయరు చట్టం ఒప్పుకోదన్నాడు. ఆ రోజు ఒప్పుకుని ఉంటే మాంట్‌గమరీలో రంగు విభజన ఇంకెన్నాళ్లు బతికేదో. అధికారంలో ఉన్నవాళ్ల మొండితనం ఒక్కోసారి ఉద్యమానికి ఎంత మేలు చేస్తుందో లెక్కగట్టడం కష్టం.

నలభై వేల పైచిలుకు మనుషుల్ని బస్సు లేకుండా పనికి పంపడం ఎలా? మొదటి రోజుల్లో నల్ల టాక్సీవాళ్లు బస్సు ఛార్జీకే, 10 సెంట్లకే ఎక్కించుకున్నారు. టాక్సీకి కనీస ఛార్జీ 45 సెంట్లన్న పాత నిబంధన దుమ్ము దులిపి పోలీసులు అది ఆపించారు. అప్పుడు 1953లో లూసియానాలోని బాటన్ రూజ్ నల్లవాళ్లు తమ బస్సు బహిష్కరణలో చేసిన పనిని అరువు తెచ్చుకున్నారు. సొంత కార్లు, ఛార్జీ లేకుండా. ఛార్జీ అడగకపోవడం ఉదారత మాత్రమే కాదు. పైసా అడిగితే లైసెన్సు లేని రవాణా వ్యాపారం అవుతుంది. అందుకే ఎక్కినవాళ్లు డబ్బివ్వదలిస్తే చర్చిలో చందా వేయాలి. సుమారు 300 కార్లు, పొద్దున ఎక్కించే చోట్లు, సాయంత్రం ఎక్కించే చోట్లు కలిపి తొంభై దాకా. పొద్దున ఇళ్ల దగ్గర నుంచి, సాయంత్రం వంటపని, పాచిపని చేసే తెల్లవాళ్ల పేటల నుంచి. రెండింటికీ మ్యాపు వేరు, వేళ వేరు. తర్వాత చర్చిల పేరిట పెద్ద స్టేషన్ వ్యాగన్లు కొన్నారు.

పోలీసులకు లాఠీ ఎత్తనవసరం రాలేదు. బండి ఆపడం, చీటీ రాయడం. బహిష్కరణకు నాయకుడైన మార్టిన్ లూథర్ కింగ్‌నే 25 మైళ్ల జోన్లో 30 మైళ్ల వేగంతో నడిపాడని 1956 జనవరి 26న పట్టుకెళ్లారు. ఆ తర్వాత వ్యాగన్ల బీమా పాలసీలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. బీమా లేకపోతే బండి రోడ్డెక్కదు. చివరికి అట్లాంటాలోని ఒక నల్లజాతి బీమా ఏజెంటు లండన్‌లోని లాయిడ్స్ ద్వారా ఇప్పించాడు. మాంట్‌గమరీ కార్లకు లండన్ బీమా! పెట్రోలుకు డబ్బు? జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఒక ఆడవాళ్ల బృందాన్ని కూడగట్టి, కేకులు, పైలు, కోడి వేపుడు సాండ్విచ్‌లు అమ్మించి వారం వారం ఉద్యమం చందా పళ్లెంలో వేసేది. ఆ బృందం పేరుకు అర్థం ‘ఎక్కడివీ కాని వాళ్ల క్లబ్బు’. డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే, ఎక్కడిదీ కాదు. ఇచ్చినవాళ్ల పేర్లు బయటపడితే వాళ్ల ఉద్యోగాలు పోతాయి.

తెల్లవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు చాలామంది తమ పనిమనుషుల్ని తామే కార్లో తెచ్చుకుని దింపేవాళ్లు. మేయరు వద్దన్నా మానలేదు. వంట ఎవరు చేస్తారు మరి!

ఇంత చేసినా జనవరి చివరకు పరిస్థితి అక్కడే. కింగ్ ఇంటి మీద జనవరి 30న బాంబు పడింది. పార్క్స్ అప్పీలు రాష్ట్ర కోర్టుల్లో ఎన్నేళ్లు నానుతుందో తెలియదు. బహిష్కరణ ఎంత గట్టిగా సాగినా అది కంపెనీ మీద ఒత్తిడి, చట్టం మీద కాదు. 1956 ఏప్రిల్లో ఇది తేటతెల్లమైంది. దక్షిణ కరోలినా బస్సు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన చిన్న ఉత్తర్వును పత్రికలు తప్పుగా చదివి రంగు విభజన చెల్లదన్నారని రాశాయి. నష్టాలతో నలిగిన కంపెనీ అదే అదనుగా డ్రైవర్లను ఇక సీట్లు విడదీయవద్దంది. నగరం ఊరుకుందా, కోర్టుకెళ్లి కంపెనీ మీదే ఆర్డరు తెచ్చింది. కంపెనీ లొంగినా చట్టం లొంగదు.

చట్టాన్నే కొట్టాలని గ్రే అంతకు ముందే, ఫిబ్రవరి 1న, ఫెడరల్ (కేంద్ర) కోర్టులో సివిల్ దావా వేశాడు. అదే బ్రౌడర్ వర్సెస్ గేల్. రాష్ట్ర చట్టం రాజ్యాంగబద్ధతనే ప్రశ్నిస్తే అప్పటి నిబంధన ప్రకారం ముగ్గురు జడ్జీల ధర్మాసనం వినాలి, ఆ తీర్పు మీద అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే పోతుంది. మధ్యలో మెట్లు లేవు. పార్క్స్‌ను వాదిగా పెట్టలేదు. ఆమె క్రిమినల్ కేసు రాష్ట్ర కోర్టులో ఉండగా దావాలోనూ పేరుంటే, అది తేలాక రండి అని ఫెడరల్ కోర్టు పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

మరెవరు? ఇక్కడ చక్రం తిరిగింది. సివిల్ దావాలో శిక్ష పడి ఉండనక్కరలేదు. బస్సులో తమకు ఇలా జరిగిందని, రేపు బస్సెక్కినా ఇలాగే జరుగుతుందని చూపిస్తే చాలు. ఛార్జీ షీట్లో దాడి కేసు ఉందా, జరిమానా కట్టేశారా అన్నవి అడ్డు రావు. క్రిమినల్ అప్పీలుకు ఎందుకూ కొరగాదన్న కాల్విన్ ఇక్కడ సరిగ్గా సరిపోయింది, స్మిత్ కూడా. వాళ్లతో ఆరేలియా బ్రౌడర్, డెబ్భై దాటిన సూసీ మెక్‌డొనాల్డ్. నలుగురూ ఆడవాళ్లే. అయిదో ఆవిడ కూడా ఉండేది. ఒత్తిడికి తట్టుకోలేక మర్నాడే నేను వకాల్తా ఇవ్వలేదు పొమ్మంది. దాంతో గ్రే మీదే కేసు పెట్టారు. మతబోధకుడిగా ఆయనకున్న సైనిక మినహాయింపు కూడా ఊడబీకారు.

కాల్విన్ మైనరు కనుక దావాలో ఆమె పేరు పక్కన పెంచిన తండ్రి పేరూ రాశారు. ఇళ్ల మీద బాంబులు పడుతున్న రోజుల్లో ఆ కుటుంబం ఆ సంతకం పెట్టింది. నాయకుడి ఉపన్యాసాల కంటే ఆ సంతకమే బరువైనదని నా అభిప్రాయం.

మే 11న విచారణ. కాల్విన్‌కు పదహారేళ్లు, ఇంట్లో ఆరు వారాల బిడ్డ. నగరం తరఫు లాయరు ఎలాగైనా ఇదంతా కింగ్ రెచ్చగొట్టిన పని అనిపించాలని చూశాడు. మీ నాయకుడెవరు అని అడిగితే, మాకు మేమే నాయకులమంది. డిసెంబరు 5న బస్సులెందుకు మానేశారంటే, మమ్మల్ని అన్యాయంగా, నీచంగా చూశారు కాబట్టి అంది. ఏడాది కిందట ‘నోరు పెద్దది’ అని పక్కన పెట్టిన పిల్ల. సాక్షి బోనులో కావలసింది ఆ నోరే.

జూన్ 5న ఇద్దరు జడ్జీలు, రైవ్స్, ఫ్రాంక్ జాన్సన్, బస్సుల్లో రంగు విభజన చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగ పద్నాలుగో సవరణకు విరుద్ధమన్నారు. మూడో జడ్జి లిన్ ఒప్పుకోలేదు. 1896లో రైలు పెట్టె కేసులోనే ‘వేరైనా సమానమే’ అన్న సూత్రం పుట్టింది, అరవై ఏళ్ల తర్వాత బస్సు కేసులో దాని రవాణా భాగం ఊడిపోయింది. నగరం సుప్రీంకోర్టుకెళ్లింది.

నవంబరు 13న నగరం ఇంకో కోర్టులో కార్ల ఏర్పాటును నిషేధించమని వాదిస్తోంది. జడ్జి ఎవరనుకున్నారు, కార్టర్. మార్చిలో బహిష్కరణ నడిపినందుకు కింగ్‌కు 500 డాలర్ల జరిమానా వేసిందీ ఆయనే. ఆరోజూ నిషేధం ఇచ్చాడు. కానీ విచారణ సాగుతుండగానే వాషింగ్టన్ నుంచి కబురు వచ్చింది, కింది కోర్టు తీర్పును సుప్రీంకోర్టు ఖాయం చేసిందని. అయినా ఆర్డరు కాగితం ఊరికి చేరేది డిసెంబరు 20న. ఆ అయిదు వారాలూ కార్ల ఏర్పాటూ లేదు, బస్సులూ ఎక్కలేదు. జనం నడిచారు. మొత్తం 381 రోజుల్లో కష్టమైనవి ఇవే అయి ఉండాలి, ఎందుకంటే గెలిచాక నడవడం అది.

ఆ వారాల్లో చర్చిల్లో చేసిన పని చూస్తే, 1955 మార్చిలో కాల్విన్‌కు ఏం దొరకలేదో తెలుస్తుంది. బలిపీఠం ముందు కుర్చీలు బస్సు సీట్లలా వేసి, ఒకరిని డ్రైవరు, ఒకరిద్దరిని మండిపడే తెల్లవాళ్లు చేసి నాటకం ఆడించేవారు. తిట్టడం, తోయడం. తట్టుకోలేక ఎదురు తిరిగినవాళ్లను కూర్చోబెట్టి మళ్లీ చేయించడం. డిసెంబరు 19న పంచిన సూచనల కాగితం మరీ ముచ్చటైంది. వేరే సీటు ఉంటే కావాలని తెల్లవాళ్ల పక్కన కూర్చోవద్దు. కూర్చునేటప్పుడు ఎవరి పక్కనైనా సరే ‘కూర్చోవచ్చా’ అనండి. తిడితే తిట్టకండి, కొడితే కొట్టకండి. మొదటి రోజుల్లో నిబ్బరంగా ఉండగల స్నేహితుడితో కలిసి ఎక్కండి. అన్నిటికంటే నాకు నచ్చింది ఇది: నీ వల్ల కాదనిపిస్తే ఇంకో వారం, రెండు వారాలు నడువు. సిద్ధంగా లేనివాణ్ని వీరుణ్ని చేయాలని చూడలేదు వాళ్లు.

డిసెంబరు 21న బస్సులెక్కారు. వారంలోపే చీకటి మాటున బస్సుల మీద కాల్పులు మొదలయ్యాయి. ఒక గర్భిణి రెండు కాళ్లకూ తూటాలు తగిలాయి. కొన్నాళ్లు సాయంత్రం అయిదు తర్వాత బస్సులు ఆపేశారు. జనవరిలో చర్చిలు పేలాయి.

కాల్విన్‌ను ఎవరూ వేదిక మీదకు పిలవలేదు. కేసు గెలిపించిన నలుగురిలో ఒకతె అయినా, ఊళ్లో ఆమె పేరు చెప్పుకునేది ‘గొడవపడిన పిల్ల’గానే. ఇళ్లలో, హోటళ్లలో పని ఇచ్చి, ఆమె ఎవరో తెలిశాక తీసేసేవారు. ఇక్కడ మాత్రం నాయకుల తరఫున చెప్పడానికి నాకు ఏ సాకూ లేదు. 1955లో కేసు వదులుకోవడానికి కారణముంది, 1956 తర్వాత మనిషిని వదులుకోవడానికి లేదు. 1958లో న్యూయార్కు వెళ్లిపోయి, వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసే నర్సు సహాయకురాలిగా దశాబ్దాలు గడిపింది.

బస్సు చట్టం 1956లో పోయింది. కార్టర్ మిగిల్చిన ఆ ఒక్క ఛార్జీ, పోలీసుల మీద దాడి, పోలేదు. ప్రొబేషన్ ముగిసిందని కూడా ఎవరూ కాగితం ఇవ్వలేదు. ఆమె అలబామా వచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్లు భయపడేవారు. 2021 అక్టోబరులో, 82 ఏళ్ల వయసులో, ఆ రికార్డు చెరిపేయమని మాంట్‌గమరీ బాలల కోర్టుకే అర్జీ పెట్టుకుంది. వయసు ఎంతైనా కేసు బాలల కోర్టుదే కదా. ఆ ఏడాది ముగిసేలోపు జడ్జి సరేనని సంతకం చేశాడు.